లైనక్స్‌లో ఫ్రీ వీడియో ఎడిటింగ్: షాట్‌కట్, కెడెన్‌లైవ్, ఓపెన్‌షాట్, రిజాల్వ్.. పాత ల్యాప్‌టాప్‌కు ఏది సెట్ అవుతుంది?

విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది. ల్యాప్‌టాప్ మాత్రం ఇంకా బాగానే పని చేస్తోంది. కొత్తది కొనాలంటే అరలక్ష కావాలి. వారానికి రెండు వీడియోలు యూట్యూబ్‌లో పెట్టకపోతే వ్యూస్ పడిపోతాయి. మీ పరిస్థితి కూడా ఇదేనా? అయితే ఇది మీ కోసమే.

ఖమ్మం జిల్లాలో మా బాబాయి కొడుక్కి ఓ చిన్న యూట్యూబ్ ఛానల్ ఉంది. మిర్చి తోటలో నిలబడి ఫోన్‌తో వీడియోలు తీస్తాడు. తామర పురుగును ఎలా గుర్తుపట్టాలి, కల్లంలో కాయ ఎలా ఎండబెట్టాలి, మార్కెట్ యార్డుకు సరుకు తీసుకెళ్తే ఏం చూసుకోవాలి.. ఇవీ టాపిక్స్. దసరా సెలవులకు వెళ్తే వాడు అడిగిన మొదటి మాట, "అక్కా, అప్పు చేసైనా కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?"

వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్. ఏడో జనరేషన్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ నుంచే ఇన్‌స్టాల్ అవుతుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. అంటే మెషీన్ బాగానే ఉన్నా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఉండవు. ఏడాది పాటు అదనపు అప్‌డేట్లు తీసుకునే దారి ఒకటి ఉంది కానీ, అదీ ఆ ఏడాది వరకే.

పైగా వాడి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ చేసింది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారట. వాడి ఫ్రెండ్ ఒకతను ఇలాంటిదే వేసుకుని ఛానల్ మొత్తం పోగొట్టుకున్నాడు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, ఓటీపీ ఎవరికీ ఇవ్వలేదు. మరి ఎలా పోయింది? బ్రౌజర్‌లో మనం లాగిన్ అయి ఉన్నప్పుడు సేవ్ అయ్యే కుకీలను మాల్వేర్ ఎత్తుకెళ్లిపోతుంది. ఆ కుకీ చేతికొస్తే దొంగకు పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. 2021లో గూగుల్ థ్రెట్ అనాలసిస్ గ్రూప్ ఈ తరహా దాడుల గురించి బయటపెట్టింది. యూట్యూబర్లకు ప్రమోషన్ ఆఫర్ పేరుతో మెయిల్ పంపి, ఓ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయించి, కుకీలు దొంగిలించి ఛానళ్లు లాగేసుకున్నారు. క్రాక్ ఫైళ్లలోనూ దాక్కునేది ఇలాంటి మాల్వేరే.

అందుకే ఆ నాలుగు రోజులూ వాడి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. లైనక్స్ వేసి, ఫ్రీగా దొరికే ఎడిటర్లు ఒక్కొక్కటీ వాడి మిర్చి వీడియోలతోనే ట్రై చేశాం. నిజానికి అర నిమిషం షార్ట్స్ చేసేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, ఫోన్ యాప్ చాలు. పది, పదిహేను నిమిషాల వీడియోలు, నాలుగైదు ఆడియోలు, బోలెడు క్లిప్పులు ఉన్నప్పుడే ల్యాప్‌టాప్ అవసరం తెలుస్తుంది.

ముందు ఒక డౌట్ క్లియర్ చేసుకుందాం

"ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో క్వాలిటీ తగ్గుతుందా?" ఇది అందరూ అడిగే ప్రశ్న. తగ్గదు. షాట్‌కట్, కెడెన్‌లైవ్, ఫ్లోబ్లేడ్.. ఈ మూడూ బయటికి వేరువేరుగా కనిపిస్తాయి కానీ లోపల ఇంజిన్ ఒక్కటే. దాని పేరు ఎంఎల్‌టీ. వీడియో ఫైళ్లు చదవడం, మళ్లీ రాయడం అనే పని దాదాపు అన్నింటిలోనూ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చేస్తుంది. కాబట్టి ఒకే సెట్టింగ్స్ పెడితే ఔట్‌పుట్‌లో మీ కంటికి తేడా దొరకదు. తేడా అంతా వాడే పద్ధతిలోనే. బటన్లు ఎక్కడున్నాయి, పని ఎంత త్వరగా అవుతుంది, మధ్యలో ఆగిపోతే మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.. చూసుకోవాల్సింది ఇవి.

ఈ ఓపెన్ సోర్స్ ఎడిటర్లలో వాటర్‌మార్క్ ఉండదు. నెల నెలా చందా ఉండదు. "ట్రయల్ అయిపోయింది" అనే మెసేజ్ రాదు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఒకదాంట్లో సేవ్ చేసిన ప్రాజెక్ట్‌ను ఇంకోదాంట్లో తెరిచి అదే పని కొనసాగించడం కుదరదు. ఇంజిన్ ఒకటే అయినా ప్రాజెక్ట్ ఫైల్ ఎవరిది వాళ్లదే. సగం పనిలో ఎడిటర్ మార్చొద్దు.

ఇంకో మాట. ఉబుంటు, మింట్ లాంటి వాటి సాఫ్ట్‌వేర్ స్టోర్‌లో మామూలుగా దొరికే ప్యాకేజీ తరచూ పాత వెర్షన్ అయి ఉంటుంది. ఫ్లాట్‌ప్యాక్ లేదా యాప్‌ఇమేజ్ తీసుకుంటే కొత్తది వస్తుంది. ఫెడోరా వాడేవాళ్లకు పేటెంట్ గొడవల వల్ల కొన్ని కోడెక్‌లు మొదటి నుంచీ ఉండవు. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే రిపాజిటరీ జత చేసుకోవాలి. ఇది తెలియక "లైనక్స్‌లో ఎంపీ4 ఓపెన్ కాదు" అని వదిలేసినవాళ్లు చాలామంది.

షాట్‌కట్: మొదటిసారి వచ్చేవాళ్లకు

ఎంఎల్‌టీ ఇంజిన్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన డాన్ డెన్నెడీయే షాట్‌కట్‌ను కూడా తయారు చేశారు. తెరవగానే ఖాళీగా, బోసిగా కనిపిస్తుంది. ఇదేంటి ఇలా ఉంది అనిపిస్తుంది. కానీ నేర్చుకోవాల్సింది తక్కువే. క్లిప్పులు ప్లేలిస్ట్‌లో వేయాలి, టైమ్‌లైన్‌లోకి లాగాలి, ఎస్ నొక్కితే ముక్క అవుతుంది, ఎక్స్ నొక్కితే ఆ ముక్క పోయి ఖాళీ దానంతట అదే మూసుకుంటుంది. తమ్ముడు అరగంటలో ఈ రెండు బటన్లతోనే పని నడిపించాడు.

మిగతాదంతా ఫిల్టర్లే. కలర్ కావాలన్నా, సైజు మార్చాలన్నా, పేరు వేయాలన్నా, సౌండ్ పెంచాలన్నా క్లిప్ మీద ఫిల్టర్ వేయడమే. విండోస్‌లో వేరే ఎడిటర్ అలవాటైనవాళ్లకు మొదట్లో ఇది తికమకగా ఉంటుంది.

ఇక్కడొక ఉచ్చు ఉంది, చూసుకోండి. షాట్‌కట్‌లో వీడియో మోడ్ ఆటోమేటిక్‌లో ఉంటే, మీరు మొదట వేసిన క్లిప్ ఎలా ఉంటే ప్రాజెక్ట్ అంతా అలా సెట్ అయిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన చిన్న క్లిప్ మొదట వేశారనుకోండి, మీ ఫుల్ హెచ్‌డీ వీడియో మొత్తం ఆ సైజుకే దిగిపోతుంది. మేం సరిగ్గా అదే తప్పు చేశాం. అందుకే ముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మోడ్ ఎంచుకోండి. నిలువు వీడియోలకు వర్టికల్ హెచ్‌డీ ఆప్షన్ అక్కడే ఉంది.

ఫోన్ వీడియోల విషయంలో షాట్‌కట్ చేసే ఓ మంచి పని చెప్పాలి. ఫోన్ కెమెరా ఎప్పుడూ సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీయదు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా ఒకసారి 28, ఒకసారి 30 అలా మారుతూ ఉంటుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ప్లే చేస్తే మనకేమీ తెలియదు. టైమ్‌లైన్‌లో వేసి కట్ చేశాక, ఎనిమిదో నిమిషం దగ్గర పెదాలు ఒకలా, మాట ఒకలా వస్తుంది. తమ్ముడు ఇన్నాళ్లూ మైక్ పాడైందనుకుని రెండు మైకులు మార్చాడట!

షాట్‌కట్ ఇలాంటి క్లిప్ వేయగానే గుర్తుపట్టి, ఎడిటింగ్‌కు అనువుగా మార్చమంటావా అని అడుగుతుంది. అవునని చెప్పండి. ఫైల్ సైజు పెరుగుతుంది, కాసేపు ఆగాలి, కానీ తర్వాత తలనొప్పి ఉండదు. కెడెన్‌లైవ్ కూడా ఇలాగే అడుగుతుంది. వేరే ఎడిటర్ వాడేవాళ్లు ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ టూల్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకోవచ్చు.

కెడెన్‌లైవ్: కాస్త ఓపిక పడితే ఇదే గట్టిది

లైనక్స్ ఎడిటర్ల పేరు చెబితే మొదట వినిపించేది ఇదే. 2002లో మొదలైంది. ఇప్పుడు కేడీఈ ప్రాజెక్ట్ కింద నడుస్తోంది. వెర్షన్ నంబర్‌లోనే ఏడాది, నెల ఉంటాయి. 19.04లో లోపలి కోడ్‌ను చాలావరకు తిరగరాశారు. "కెడెన్‌లైవ్ క్రాష్ అవుతుంది" అనే పాత కామెంట్లు చదివి భయపడేవాళ్లు, ఆ కామెంట్ ఏ ఏడాదిదో ముందు చూడండి. ఇప్పటికీ క్రాష్ అవదని కాదు. అయితే ప్రాజెక్ట్‌కు బ్యాకప్‌లు తీసి పెట్టుకుంటుంది, మళ్లీ తెరిచినప్పుడు పోయిన పనిని వెనక్కి తెచ్చుకోమంటావా అని అడుగుతుంది.

వీడియో వేరు ట్రాక్, ఆడియో వేరు ట్రాక్. రెండు మూడు ఫోన్లతో తీసిన ఇంటర్వ్యూను మల్టీక్యామ్‌లో కట్ చేసుకోవచ్చు. టైమ్‌లైన్ మీద గుర్తులు పెట్టుకుంటే, వాటినే యూట్యూబ్ చాప్టర్ల లిస్టుగా తీసుకోవచ్చు. డిస్క్రిప్షన్‌లో పేస్ట్ చేస్తే సరిపోతుంది. టైమ్‌లు చేత్తో రాసుకునేవాళ్లకు ఇది పెద్ద రిలీఫ్.

8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ప్రాణం పోసేది మాత్రం ప్రాక్సీ. అదేంటంటే, ప్రతి పెద్ద క్లిప్‌కూ ఎడిటర్ ఓ తేలికైన నకలు తయారు చేసుకుంటుంది. మీరు కట్ చేసేది, ప్లే చేసి చూసేది ఆ నకలునే. చివర్లో రెండర్ కొట్టినప్పుడు మాత్రం అసలు ఫైల్ వాడుతుంది. కాబట్టి క్వాలిటీ పోదు. 4కె క్లిప్పులు ముక్కలు ముక్కలుగా ఆగి ఆగి ప్లే అవుతున్నాయంటే ల్యాప్‌టాప్‌ను తిట్టకండి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆన్ చేయండి. షాట్‌కట్‌లోనూ ఈ సదుపాయం ఉంది, సెట్టింగ్స్ మెనూలో కనిపిస్తుంది. అసలు ఫైళ్లను ఫోల్డర్ మార్చేస్తే మాత్రం ఏ ఎడిటరైనా గుర్తుపట్టదు. ఒక వీడియోకు ఒక ఫోల్డర్, అన్నీ అందులోనే. ఈ ఒక్క అలవాటు చేసుకోండి.

మాటను అక్షరాల్లోకి మార్చి సబ్‌టైటిల్స్ ఇచ్చే ఫీచర్ కూడా కెడెన్‌లైవ్‌లో ఉంది. విస్పర్ మోడల్ డౌన్‌లోడ్ చేసుకుంటే మీ మెషీన్‌లోనే నడుస్తుంది, ఆడియో ఎవరి సర్వర్‌కూ పంపక్కర్లేదు. విస్పర్‌కు తెలుగు వచ్చు. వచ్చు అంటే, ఇంగ్లిష్ వచ్చినంత బాగా కాదు. యాస ఉన్న మాటల్లో, పురుగు మందుల పేర్లలో తప్పులు దొర్లుతాయి. ఒకసారి చదివి దిద్దాల్సిందే. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే టైమ్ కూడా బాగా తీసుకుంటుంది.

వేరే రాష్ట్రాల వైపు చూస్తే, కేరళ ప్రభుత్వ స్కూళ్లలో ఏళ్లుగా లైనక్స్‌తోనే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు. అక్కడి లిటిల్ కైట్స్ క్లబ్‌ల పిల్లలు కెడెన్‌లైవ్‌లో వీడియోలు ఎడిట్ చేస్తారు. హైస్కూల్ పిల్లలు చేస్తున్నారంటే మనకేం కష్టం అని తమ్ముడికి చెప్పా. "వాళ్లకు సార్ ఉంటాడు కదక్కా" అన్నాడు. నిజమే, తెలుగులో కెడెన్‌లైవ్ పాఠాలు తక్కువ. ఎవరైనా చేస్తే చూసేవాళ్లున్నారు.

ఓపెన్‌షాట్ సంగతేంటి?

2008లో జోనాథన్ థామస్ మొదలుపెట్టారు. చూడ్డానికి అన్నింటికంటే సింపుల్. లాగి వదలడం, ట్రాన్సిషన్ వేయడం, పేరు టైప్ చేయడం.. స్కూల్ ఫంక్షన్ వీడియో, పెళ్లి ఫొటోల స్లైడ్‌షో లాంటివాటికి చాలు. పెద్ద ప్రాజెక్టుల్లో నెమ్మదిస్తుందనే పేరు చాలాకాలంగా ఉంది. వారం వారం వీడియో పెట్టేవాళ్లకు నేనైతే సజెస్ట్ చేయను.

రిజాల్వ్: ఫ్రీయే కానీ..

యూట్యూబ్‌లో ఎవరిని అడిగినా డావిన్చీ రిజాల్వ్ అంటారు. సినిమాలకు కలర్ గ్రేడింగ్ చేసే సాఫ్ట్‌వేర్, ఫ్రీ వెర్షన్‌లోనే ఊహించనన్ని ఫీచర్లు, లైనక్స్‌కూ ఉంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసి, ఫోన్‌లో తీసిన ఎంపీ4 వేయగానే అసలు విషయం తెలుస్తుంది.

లైనక్స్‌లో రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ హెచ్.264, హెచ్.265 వీడియోలను తీసుకోదు. మన ఫోన్లన్నీ తీసేది ఆ రెండు ఫార్మాట్లలోనే! లైసెన్స్ కారణాల వల్ల ఈ సపోర్ట్ డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌కే ఇచ్చారు. దాని ధర అమెరికాలో 295 డాలర్లు. ఫోన్ వీడియోల్లో ఆడియో ఉండే ఏఏసీ ఫార్మాట్‌తోనూ లైనక్స్‌లో చాలాకాలంగా ఇబ్బందే. విండోస్ ఫ్రీ వెర్షన్ చూసి చేసిన రివ్యూల్లో ఈ సంగతి చెప్పరు.

దారి లేదా అంటే ఉంది. ప్రతి క్లిప్‌నూ డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లాంటి ఫార్మాట్‌లోకి, ఆడియోను పీసీఎంలోకి ముందే మార్చుకోవాలి. షట్టర్ ఎన్‌కోడర్ అనే ఫ్రీ టూల్ ఉంది, కమాండ్లు టైప్ చేయక్కర్లేదు. అయితే సైజు చూడండి. ఫుల్ హెచ్‌డీ, 30 ఫ్రేముల వీడియోను ఆ ఫార్మాట్ మామూలు రకంలో మారిస్తే నిమిషానికి దాదాపు 1 జీబీ. అరగంట ఫుటేజ్ అంటే 30 జీబీ పైనే. ఎడిటింగ్ అయ్యాక బయటికి తీసిన ఫైల్‌నూ మళ్లీ ఎంపీ4లోకి మార్చుకోవాలి. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు ఎన్ని వీడియోలు చేస్తారు?

పైగా రిజాల్వ్‌కు విడిగా మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందే. కంపెనీ అధికారికంగా చెప్పేది రాకీ లైనక్స్. ఉబుంటు, మింట్‌లో కూడా నడిపిస్తున్నారు కానీ ఇన్‌స్టాల్ చేయడానికి కొంత కుస్తీ పట్టాలి. గేమింగ్ పీసీ ఉండి, షార్ట్ ఫిల్మ్ తీసి, కలర్ మీద కూర్చునేవాళ్లకు ఆ కుస్తీ పట్టడంలో అర్థం ఉంది. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో అసలు ప్రయత్నించలేదు.

మిగిలినవి రెండు ముక్కల్లో

బ్లెండర్‌లోనూ వీడియో ఎడిటర్ ఉంది. 2025లో ఉత్తమ యానిమేషన్ ఫీచర్ ఆస్కార్ గెలిచిన లాట్వియా సినిమా 'ఫ్లో' బ్లెండర్‌లో తయారైందే. అయితే అది 3డీ సాఫ్ట్‌వేర్. యానిమేషన్ చేసేవాళ్లు అందులోనే కట్ చేసుకోవచ్చు కానీ, కట్ చేయడం కోసమే బ్లెండర్ నేర్చుకోవడం అనవసరం. ఫ్లోబ్లేడ్ లైనక్స్ కోసమే చేసింది. తేలికగా ఉంటుంది, అలవాటైనవాళ్లు వదలరు. రేపు విండోస్ మెషీన్‌కు మారితే మాత్రం అది మీతో రాదు. ఆలివ్ చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ పూర్తిస్థాయి వెర్షన్ దాకా రాలేదు, అసలు పనికి దాన్ని నమ్ముకోవద్దు. లైట్‌వర్క్స్‌కు లైనక్స్ వెర్షన్ ఉంది, ఫ్రీ వెర్షన్‌లో ఎక్స్‌పోర్ట్ మీద పరిమితులు ఉంటాయి.

తెలుగు అక్షరాలు విరిగిపోతాయా?

ఇది ఇంగ్లిష్‌లో చేసేవాళ్లకు ఉండని సమస్య. ఇంగ్లిష్ రివ్యూల్లో దీని ఊసే ఉండదు. స్క్రీన్ మీద 'స్త్రీ' అని వేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడటం చాలామంది చూసే ఉంటారు. షాట్‌కట్, కెడెన్‌లైవ్ టైటిల్స్‌లో యూనికోడ్ ఫాంట్ వాడితే ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే వచ్చాయి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్.. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ. హెడ్డింగ్‌కు లావుగా కావాలంటే రామభద్ర బాగుంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఫాంట్ ఇన్‌స్టాల్ అయ్యాక ఎడిటర్‌ను ఒకసారి మూసి తెరవండి, అప్పుడే లిస్టులో కనిపిస్తుంది.

అను ఫాంట్స్ అలవాటైన డీటీపీ వాళ్లకు ఇక్కడ ఇబ్బందే. అవి యూనికోడ్ కావు. పాత మ్యాటర్‌ను కన్వర్టర్‌లో యూనికోడ్‌కు మార్చుకోవాలి. లేదంటే ఇంక్‌స్కేప్‌లో లోయర్ థర్డ్ డిజైన్ చేసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా తీసి టైమ్‌లైన్‌లో పెట్టండి. ఒకసారి చేస్తే ప్రతి వీడియోకూ పనికొస్తుంది. మా డెస్క్‌లో కూడా పేర్ల పట్టీలు ఇలా రెడీగా పెట్టుకుంటాం.

గాలి చప్పుడు ఎక్కువున్న తోట వీడియోలకు ఆడియోను విడిగా ఆడాసిటీలో వేసి నాయిస్ రిడక్షన్ చేసుకోండి. ఎడిటర్‌లో ఫిల్టర్లతో కుస్తీ పట్టడం కంటే త్వరగా అవుతుంది. ఎక్కువ తగ్గిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, జాగ్రత్త.

రెండర్ టైమ్ తగ్గాలంటే షాట్‌కట్ ఎక్స్‌పోర్ట్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ టిక్ పెట్టండి. ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ కూడా ఈ పని చేస్తుంది. ఎఫెక్ట్‌లు బాగా వేసిన వీడియోకు పెద్ద తేడా రాదు, ఎందుకంటే ఆ లెక్కలన్నీ ఇంకా ప్రాసెసరే చేయాలి.

లైనక్స్ వేసే ముందు ఫొటోలు, వీడియోలు, ఛానల్ లోగో అన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మొదట పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ బూట్ చేసి, వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పని చేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు, హార్డ్‌డిస్క్‌లో ఏమీ మారదు. క్రాక్ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లు ఇంకో పని కూడా చేయాలి. శుభ్రంగా ఉన్న మెషీన్ నుంచి గూగుల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచీ సైన్ అవుట్ అవ్వాలి.

తమ్ముడు చివరికి లైనక్స్ మింట్, షాట్‌కట్ దగ్గర ఆగాడు. కెడెన్‌లైవ్ కూడా పక్కనే ఉంచుకున్నాడు, మల్టీక్యామ్ నేర్చుకున్నాక మారతాడట. కొత్త ల్యాప్‌టాప్ ఆలోచన ప్రస్తుతానికి వాయిదా. థంబ్‌నెయిల్స్ మాత్రం ఇంకా ఫోన్‌లోనే చేస్తున్నాడు. "అది ఎవ్వరు చెప్పినా మార్చనక్కా" అంటున్నాడు.